గవ్వ ఎడమ కన్ను: 41 రోజుల డైరీ

రోజు 1, ఉదయం

మా గుర్రం గవ్వకి తొమ్మిదేళ్లు. నుదుటి మీద గవ్వ ఆకారంలో తెల్లమచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. ఇవాళ పొద్దున దాణా పెట్టడానికి వెళ్తే ముఖం నావైపు తిప్పింది కానీ ఎడమ కన్ను సగమే తెరిచింది. కంటి కింద నుంచి చెంప దాకా తడి చార. దుమ్ము పడిందేమో అనుకున్నాను. అయినా ఎదురుగా నిలబడి రెండు కళ్ల రెప్పవెంట్రుకలూ పోల్చి చూశాను. కుడివైపువి నిటారుగా ముందుకి ఉన్నాయి. ఎడమవైపువి నేలకేసి వాలిపోయాయి. గుర్రం కంటిలో నొప్పి ఉందని చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు నాకు తెలియదు. చాలాసార్లు కన్ను ఎర్రబడకముందే, పుసి కట్టకముందే రెప్ప వాలుతుంది.

లోపల నీడలోకి తీసుకెళ్లి పక్కనుంచి టార్చి వేశాను. నల్లగుడ్డు మీద, కింది భాగంలో బయటి అంచుకి దగ్గరగా, నీలం కలిసిన తెల్లమచ్చ. మిరియపు గింజంత ఉంటుంది.

తమ్ముడు పరుగున వెళ్లి ఫ్రిజ్‌లోంచి చుక్కల సీసా తెచ్చాడు. "అక్కా, పోయినేడు ముసలి గుర్రానికి వేసినవే. డాక్టర్ గారు వచ్చేలోపు రెండు చుక్కలు వేసేద్దామా?" అన్నాడు. చేయి చాపాను కూడా. లేబుల్ చదివితే యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అని ఉంది. అంటే స్టెరాయిడ్.

ఆ ముసలి గుర్రానికి ఉన్నది యువైటిస్, కంటి లోపలి వాపు. దానికి స్టెరాయిడ్ చుక్కలే మందు. కానీ నల్లగుడ్డు మీద పుండు ఉన్న కంట్లో అవే చుక్కలు పడితే గాయం మానదు. ఒంట్లోని కాపలా నీరసపడుతుంది, లోపల బూజు (ఫంగస్) ఉంటే అది హాయిగా పెరుగుతుంది. బయటికి చూస్తే రెండు జబ్బులూ ఒకేలా ఉంటాయి: నీళ్లు కారడం, రెప్ప మూయడం, కన్ను మసకబారడం. పుండు ఉందో లేదో తేలకుండా ఏ చుక్కా వేయకూడదని ఆ సీసా చేతిలో పట్టుకుని ఉండగా నాకు నిజంగా అర్థమైంది. మూత తెరిచి ఏడాదైన సీసా కాబట్టి వెంటనే పారేశాం.

డాక్టర్ గారికి ఫోన్ చేశాను. "చుక్కలు ఏమైనా వేశారా?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. లేదన్నాను. "మంచి పని చేశారు. ఎండలో కట్టకండి, కన్ను రుద్దుకోనివ్వకండి, ఈ పూటే వస్తాను" అన్నారు. గుర్రం కంటి నొప్పిని రేపటికి వాయిదా వేయకూడదట.

రోజు 1, మధ్యాహ్నం

పరీక్ష దాదాపు గంట పట్టింది. ప్రతి అడుగూ రాసిపెడుతున్నాను.

ముందు మత్తు ఇంజెక్షన్. గవ్వ తల నెమ్మదిగా వాలింది, దాని గడ్డాన్ని నా భుజం మీద ఆనించుకున్నాను. గుర్రం పైరెప్పలో కండ బలం ఎంతంటే, నొప్పితో బిగించిన రెప్పని బలవంతంగా తెరిస్తే ఆ ఒత్తిడికే పలచబడిన పుండు చిట్లిపోవచ్చు. అందుకని కంటికీ చెవికీ మధ్య ఎముక అంచున వేలితో తడిమి, తీగలా జారుతున్న నరాన్ని పట్టుకుని అక్కడ ఇంకో ఇంజెక్షన్ వేశారు. నా వేలు కూడా అక్కడ పెట్టించారు. రెప్ప కదలిక ఆగిపోయింది. కదలిక మాత్రమే, స్పర్శ కాదు.

తర్వాత పుండు అంచు నుంచి దూదిపుల్లతో కల్చర్ నమూనా, ల్యాబ్‌లో సూక్ష్మజీవుల్ని పెంచి చూడటానికి. ఇది మత్తు చుక్కల కంటే ముందే తీయాలి, లేకపోతే ఆ చుక్కల్లో ఉండే పదార్థాలు సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వకపోవచ్చు.

ఆ తర్వాత ఫ్లోరెసీన్ అనే రంగు. నారింజ రంగు కాగితం ముక్కని సెలైన్‌తో తడిపి కంట్లో ఒక చుక్క రాల్చారు. సెలైన్‌తో కడిగి, లైటు ఆర్పి, నీలం టార్చి వేశారు. మచ్చ ఉన్నచోట మెరిసే ఆకుపచ్చ. నల్లగుడ్డు మీది పారదర్శక పొరే కార్నియా. దాని పైపొర ఈ రంగుని లోపలికి పోనివ్వదు. పైపొర ఊడితే కింద ఉన్న స్ట్రోమా నీటిని పీల్చే పొర కాబట్టి రంగుని పట్టుకుంటుంది. ఆ ఆకుపచ్చే పుండు కొలత: అడ్డంగా 6 మిల్లీమీటర్లు. గుర్రం కార్నియా మొత్తం మందం ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువే. ఆ మందంలోనే కన్ను నిలవాలి.

మత్తు చుక్క వేసి మూడో రెప్ప కింద కూడా వెతికారు. గడ్డిపరక, పొట్టు లాంటివి అక్కడే దాక్కుంటాయట. ఏమీ లేదు. చివరికి బ్లేడు మొండి వైపుతో పుండు అంచుని గీకి స్లైడ్ మీద రాశారు. మైక్రోస్కోప్‌లో చీము కణాలు, గుండ్రటి బ్యాక్టీరియా కనిపించాయి. బూజు పోగులు కనిపించలేదు.

వెళ్లేముందు ఎడమ ముక్కుపుటం తెరిచి చూపించారు. లోపల అడుగున, గుండుసూది తల కంటే కాస్త పెద్ద రంధ్రం. దాని చుట్టూ ఆకుపచ్చ. కంట్లో వేసిన రంగు కన్నీటి గొట్టం గుండా అక్కడికి చేరింది. గొట్టం మూసుకుపోలేదు. ఇన్నేళ్లు గుర్రాలతో ఉన్నాను, ఆ రంధ్రాన్ని ఇవాళే మొదటిసారి చూశాను.

మందులు: నాలుగు గంటలకోసారి యాంటీబయాటిక్ ఆఫ్లాక్సాసిన్, కనుపాప విచ్చుకోవడానికి అట్రోపిన్ 1 శాతం, నొప్పికీ వాపుకీ ఫ్లునిక్సిన్.

రోజు 2

చుక్కలు చేత్తో వేస్తున్నాం. పొద్దున రెండుసార్లు బాగానే జరిగింది. మధ్యాహ్నానికి సీసా మూత తిప్పిన చప్పుడు వినగానే తల పైకెత్తేసింది. సాయంత్రం వేసిన చుక్కల్లో ఎన్ని కంట్లోకి వెళ్లాయో నేను చెప్పలేను. రెప్ప మీదైతే చాలానే పడ్డాయి. దానికి నేనంటే భయం పుట్టడం నాకు కష్టంగా ఉంది.

కొట్టం కొంచెం సర్దాం. కిటికీకి మందపు గుడ్డ కట్టి వెలుగు తగ్గించాం. వేలాడే గడ్డి వల తీసేశాం. తల ఎత్తి లాగి తింటుంటే పరకలు నేరుగా కంట్లోకి గుచ్చుకుంటాయి. ఈ పుండు అలాగే వచ్చిందని నా అనుమానం. ఇకమీదట గడ్డి తడిపి నేల మీదే. గవ్వ లోపల ఉండగా కొట్టం ఊడ్చకూడదు.

రోజు 3

పొద్దున అయిదింటికి టార్చి వేసి చూడగానే నా గుండె జారిపోయింది. నిన్న గట్టిగా, స్పష్టంగా ఉన్న పుండు అంచు ఇవాళ జావలా ఉబ్బింది. మధ్యలో పచ్చ కలిసిన బూడిద రంగు. కొస నుంచి జిగురు సాగుతోంది. ఫోటో తీసి డాక్టర్ గారికి పంపితే రెండే మాటలు వచ్చాయి: "బయల్దేరుతున్నా. కరుగుతోంది."

సూక్ష్మజీవులూ, వాటితో పోరాడటానికి వచ్చిన తెల్లకణాలూ రెండూ వదిలే ఎంజైములు కార్నియాలోని కొలాజెన్‌ని తినేస్తాయి. అలా కరగడం మొదలైతే గంటల్లో కన్ను పోవచ్చు. మళ్లీ రంగు వేసినప్పుడు డాక్టర్ గారు వెతికింది ఒక్కటే: ఆకుపచ్చ మధ్యలో రంగు పట్టని నల్ల గుండ్రం ఉందా అని. అడుగుపొర ఫ్లోరెసీన్‌ని పట్టుకోదు. అక్కడ నల్లగా ఉంటే ఇక ఆ పలచటి పొర ఒక్కటే మిగిలిందని అర్థం, వెంటనే ఆపరేషన్ చేయాలి. నల్ల గుండ్రం లేదు. మందంలో సగం దాకా మిగిలి ఉందన్నారు.

రెండోసారి కాస్త లోతుగా గీకిన స్లైడ్‌లో అడ్డుగోడలున్న సన్నటి పోగులు కనిపించాయి. బూజు. మొదటి రోజు పైపైన దొరకలేదంతే. గుర్రం కంటి పొరల మీద బూజు బీజాలు మామూలుగానే ఉంటాయి, పైపొర తెగితే లోపలికి దిగుతాయి. మొన్నటి స్టెరాయిడ్ సీసా గుర్తొచ్చింది. అది పడి ఉంటే ఇవాళ మధ్యలో నల్ల గుండ్రమే కనిపించేదేమో.

ఇక చేత్తో చుక్కలు కుదరవు, ట్యూబు పెట్టాలన్నారు. మత్తిచ్చి, సూదితో కింది రెప్ప లోపలి నుంచి బయటికి సన్నటి సిలికాన్ ట్యూబు లాగారు. లోపలి కొసన చిన్న బిళ్ల ఉంటుంది, అది రెప్ప వెనక ఒదిగి కూర్చుంటుంది. ట్యూబుని ముఖానికి మూడు చోట్ల కుట్టి, చెవుల మధ్య నుంచి మెడ మీదికి తెచ్చారు. నేను జూలు జడగా అల్లి, మందు ఎక్కించే మూత (ఇంజెక్షన్ పోర్టు) ఉన్న కొసని దానికి కట్టాను. ఇప్పుడు కంటిని ముట్టుకోకుండా, మెడ దగ్గర నిలబడి మందు ఇవ్వొచ్చు.

ఎక్కించే పద్ధతి: పోర్టుని స్పిరిట్‌తో తుడవాలి. మందు 0.2 మిల్లీలీటర్లు. ఆ వెనకే ఒక మిల్లీలీటరు దాకా గాలి, చాలా నెమ్మదిగా. గాలే మందుని కంటిదాకా తోస్తుంది. ఒక్కసారిగా నొక్కితే కంట్లో చల్లగా చిమ్మి గుర్రం అదిరిపోతుంది. ఒక మందుకీ ఇంకోదానికీ మధ్య కనీసం అయిదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఆయింట్‌మెంట్లు ట్యూబులోకి పనికిరావు.

మందుల్లో కొత్తగా చేరినవి రెండు. బూజుకి వోరికొనజోల్ 1 శాతం. కరగడం ఆపడానికి గవ్వ రక్తం నుంచే తీసిన సీరం. రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, యంత్రంలో తిప్పి, పైన తేరిన లేత పసుపు ద్రవాన్ని శుభ్రంగా చిన్న సీసాల్లోకి తీశారు. కొలాజెన్‌ని తినే ఎంజైముల్ని కట్టేసే ప్రోటీన్లు అందులో ఉంటాయట. ఫ్రిజ్‌లోనే ఉంచాలి, వారం తిరగకుండా పారేసి మళ్లీ తీయాలి. తన ఒంట్లోంచి వచ్చిందే తన కంటికి మందు కావడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

రోజు 4

బోర్డు మీద గళ్లు గీశాం. యాంటీబయాటిక్, సీరం రెండు గంటలకోసారి, బూజు మందు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా. పదింటి నుంచి రెండింటి దాకా తమ్ముడు, అక్కణ్నుంచి తెల్లారేదాకా నేను. ఇచ్చిన వెంటనే గడిలో టైమ్ రాయాలి. "ఇచ్చినట్టే గుర్తు" అన్న మాటకి చోటు లేదు.

కల్చర్ మొదటి రిపోర్టు వచ్చింది. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా. ఆఫ్లాక్సాసిన్ వీటి మీద అంత బాగా పనిచేయదని డాక్టర్ గారు క్లోరాంఫెనికాల్‌కి మార్చారు. అది మన చర్మానికి తగలకూడదు, అరుదుగానైనా మనిషి ఎముకమజ్జని దెబ్బతీస్తుంది. గ్లవ్స్ లేకుండా ఆ సీసా ముట్టుకోవద్దని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను.

రోజు 5

కన్ను నిన్నటికంటే ఎక్కువ మూస్తోంది. కార్నియా వెనక అడుగున తెల్లటి గీత, లోపల చీము పేరుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేశాక ఇదేంటి? డాక్టర్ గారు వచ్చి చూసి, బూజు మందు మొదలుపెట్టిన మొదటి రోజుల్లో ఇలా కావచ్చన్నారు. చచ్చిన బూజే లోపల మంట రేపుతుంది. పుండు అంచు గట్టిపడుతోందా, జావగానే ఉందా అన్నది చూడమన్నారు. చూశాను. గట్టిపడుతోంది. జిగురు సాగడం లేదు.

రోజు 6

ఇవాళ కన్ను కాదు, కడుపు. గవ్వ మామూలుగా రోజుకి 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఒక్కసారే, అదీ చిన్న గట్టి ఉండలు. గడ్డి సగం వదిలేసింది. అట్రోపిన్ కనుపాపని విచ్చదీసి నొప్పి తగ్గిస్తుంది కానీ, గుర్రం పేగుల కదలికని కూడా మందగింపజేస్తుంది. పైగా ఫ్లునిక్సిన్ కడుపునొప్పి గుర్తుల్ని దాచేస్తుంది, గుర్రం పొర్లేదాకా చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. స్టెతస్కోప్ రెండు డొక్కలకీ ఆనించి విన్నాను. ఎడమవైపు గరగర ఉంది, కుడివైపు నిమిషం గడిచినా దాదాపు నిశ్శబ్దం.

ఫోన్ చేశాను. అట్రోపిన్ వెంటనే ఆపించారు. మాస్క్ కట్టి, నీడలో గంటకోసారి పది నిమిషాలు నడిపించాం. రాత్రి ఎనిమిదింటికి మంచి కుప్ప వేసింది. తమ్ముడు "అక్కా, వేసింది!" అని పెరడంతా వినబడేలా అరిచాడు. బోర్డు మీద కొత్త గడి: లద్దె. కనుపాప ఇంకా బాగానే విచ్చుకుని ఉంది, ఈ మందు ప్రభావం గుర్రంలో రోజుల తరబడి ఉంటుంది. ఇకనుంచి అది ముడుచుకుంటేనే, డాక్టర్ గారిని అడిగే వేస్తాం.

రోజు 8

ట్యూబు చిక్కు. రాత్రి డ్యూటీలో మందు ఎక్కిస్తే ఎప్పటిలా రెప్ప ఆర్పలేదు. కంటి మూలన గాలి బుడగ కూడా రాలేదు. చేత్తో జడ తడిమితే జూలు తడిగా ఉంది. పోర్టు మొదట్లో ట్యూబు వెంట్రుకవాసి చీలింది. ఎన్ని డోసులు జూలు పాలయ్యాయో! బోర్డు మీద గళ్లన్నీ నిండి ఉన్నా కంటికి మందు చేరలేదు. పొద్దున డాక్టర్ గారు వచ్చి చీలిన కొస కత్తిరించి కొత్త పోర్టు పెట్టారు. ఇవాళ్టి నుంచి కంటి మూలన బుడగ కనిపించాకే టైమ్ రాయాలి.

ఇంకోటి కూడా చెప్పారు: ఉన్నట్టుండి నొప్పి పెరిగితే ముందు ట్యూబు బిళ్లని అనుమానించాలి. అది పక్కకి జరిగితే నల్లగుడ్డునే గీరుతుంది. రోజూ కింది రెప్ప కింద చూస్తున్నాను.

రోజు 9

తెల్లగుడ్డు అంచు నుంచి నల్లగుడ్డు మీదికి సన్నటి ఎర్ర కుంచె బయల్దేరింది. రక్తనాళాలు! మామూలుగా కార్నియాలో రక్తనాళాలు ఉండవు, ఉంటే చూపుకి అడ్డం. కానీ పుండుని మాన్పడానికి అవే రావాలి. రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు నడుస్తాయట. పుండు అంచుకి వాటికి అయిదు మిల్లీమీటర్ల దూరం ఉంది.

రోజు 11

బూజు కల్చర్ వచ్చింది: ఆస్పర్జిల్లస్. వాడుతున్న మందే సరైనది. సీరం నాలుగు గంటలకోసారికి తగ్గించారు. వారం తర్వాత నేను వరసగా మూడు గంటలు నిద్రపోయాను.

రోజు 14

ఎర్ర కుంచె పుండుని తాకింది. కన్ను చూడటానికి ఇప్పుడే అన్నిటికంటే భయంకరంగా ఉంది: ఎరుపు, బూడిద, నీలం కలగలిసి. చూడటానికొచ్చిన బంధువు ఒకాయన "కన్ను పోయిందమ్మా" అనేశాడు. పోలేదు. రెప్పవెంట్రుకలు చూడమన్నాను. వాలడం సగం తగ్గింది.

రోజు 19

ఆకుపచ్చ మరక 2 మిల్లీమీటర్లు. లోపలి చీము గీత పూర్తిగా పోయింది. ఫ్లునిక్సిన్ ఆపేశాం. ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీలకి దెబ్బ. నొప్పి మందు లేకుండా కూడా కన్ను తెరిచే ఉంచింది.

రోజు 25

రంగు పట్టలేదు. నీలం టార్చి కింద నల్లగుడ్డంతా ఒకే చీకటి. డాక్టర్ గారు రెండుసార్లు వేసి చూశారు. అయినా బూజు మందు ఇంకొన్నాళ్లు కొనసాగించమన్నారు, పైపొర మూసుకున్నా కింద పోగులు మిగిలి ఉండొచ్చు.

రోజు 34

ట్యూబు తీసేశారు. కుట్లు కోసి, మెల్లగా లాగితే రెండు సెకన్లలో వచ్చేసింది. నెల రోజులుగా నా ప్రాణమంతా ఆ తీగలోనే ఉంది. జూలు జడ విప్పి దువ్వాను. గవ్వ తలతో నా పొట్టలో ఒక్క కుమ్ము కుమ్మింది.

రోజు 41

పుండు ఉన్నచోట తెల్లటి మచ్చ మిగిలింది. మా పెద్దవాళ్లు కంట్లో పువ్వు అనేది దీన్నే. అది పూర్తిగా పోదు. మచ్చ ఇంకా పలచబడటానికి స్టెరాయిడ్ వేయొచ్చా అని అడిగాను. బూజు వచ్చిన కంటికి ఆ సాహసం వద్దన్నారు. మచ్చ కింది మూలన ఉంది కాబట్టి చూపుకి పెద్దగా అడ్డం రాదు. ఎడమవైపు నుంచి దూదిని వదిలితే పడుతున్నంతసేపూ చూపు దాని వెంటే వెళ్లింది. అరచేతిని చప్పుడు లేకుండా దగ్గరికి తెస్తే రెప్ప ఆర్పింది. కనుపాప మళ్లీ అడ్డంగా, కోలగా ఉంది. దాని పై అంచున వేలాడే నల్లటి గుత్తులు, గుర్రాలన్నిటికీ ఉండేవే, మళ్లీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇన్నాళ్లూ మసకలో అవి కనబడక నేను వాటికోసమే వెతుకుతున్నానని ఇవాళే తెలిసింది.

డాక్టర్ గారు చివరిసారి ఫ్లోరెసీన్ వేశారు. కంట్లో ఒక్క చుక్క కూడా నిలవలేదు. తమ్ముడు ముక్కు దగ్గర కూర్చుని ఎదురుచూశాడు. కాసేపటికి ఎడమ పుటంలోంచి ఆకుపచ్చ చుక్క ఒకటి జారి వాడి అరచేతిలో పడింది.